ఎలామాన్‌కి ఆకలి లేదు

మంగళవారం నుంచి నా కొడుకు నా దగ్గర పాలు తాగడం మానేశాడు.

ఎలామాన్‌కి ఐదో నెల. కొండమీది మేతకి వచ్చినప్పటి నుంచీ వాణ్ణి అత్తగారి దగ్గర వదిలి, రోజుకి ఆరుసార్లు గుర్రాల పాలు పితకడానికి పోతాను. తిరిగొచ్చేసరికి ఏడ్చి ఏడ్చి మొహం ఎర్రగా చేసుకుని ఉండేవాడు. ఇప్పుడేమో నన్ను చూసి బోసినవ్వు నవ్వుతాడు, రొమ్ము అందిస్తే మొహం తిప్పేసుకుంటాడు. రాత్రిపూట కూడా మొహమాటానికన్నట్టు రెండు గుక్కలు, అంతే. నాకు రొమ్ములు గట్టిపడి ఒకటే సలుపు, గౌను తడిసిపోతోంది.

జ్వరమా అంటే ఒళ్లు చల్లగా ఉంది. నా పాలు చేదెక్కాయేమోనని అరచేతిలో పిండుకుని రుచి చూశాను. తియ్యగానే ఉన్నాయి.

"ఆపా, వీడి చేత మళ్లీ కొవ్వు చీకించారా?" అని అత్తగారిని అడిగాను. గొర్రెతోక కొవ్వు ముక్కని పుల్లకి గుచ్చి పసివాళ్ల నోట్లో పెట్టడం మా దగ్గర మామూలే. నాకు నచ్చదు. కానీ ఆ విషయంలో నోరు మూసుకోవడం కాన్పైన నెలలోనే నేర్చుకున్నాను.

"చీకిస్తే ఏమైందట? నీ మొగుడు అది తినే గిత్తలా పెరిగాడు" అంది ఆవిడ.

ఆ పుల్ల తీసుకుపోయి పొయ్యిలో పారేశాను. మర్నాడూ అంతే, వాడికి ఆకలి లేదు. పైగా వాడి నెత్తిమీద గులాబీ సబ్బు వాసన. మా గుడారంలో అలాంటి సబ్బే లేదు. నాకు పిచ్చెక్కినట్టుంది. ఎవరినడిగినా "బాగానే ఉన్నాడుగా" అనేవాళ్లే.

దీనికి తోడు శుక్రవారం దగ్గరపడుతోంది. వసంతంలో గుర్రప్పందేల రోజున మా మామగారూ, పక్క గుడారం షెర్గాజీ తాతా పులిసిన గుర్రప్పాల కుమిస్ తాగి, చేతిలో చెయ్యేసుకుని వియ్యంకులైపోయారు. ఎలామాన్‌కి షెర్గాజీ మనవరాలు నాజిక్‌నిచ్చి చెయ్యాలట. పిల్లకి మూడు నెలలు! శుక్రవారం మామగారు దానికి వెండి కమ్మలు పెడతారు. కమ్మలు పెట్టాక మాట తప్పిన ఇంటితో ఇక్కడ ఎవరూ మేత పంచుకోరు. నన్నెవరూ అడగలేదు. నాజిక్ తల్లి బాత్మానీ అడగలేదు. "ఇంకా ఇరవై ఏళ్లుంది కదే" అని మా ఆయన నవ్వేశాడు.

శుక్రవారం అందరం షెర్గాజీ గుడారంలో కూర్చున్నాం. మాంసం తిన్నారు. మామగారు గొంతు సవరించుకుని కమ్మల పెట్టె తెరిచారు.

అత్తగారు టీ పోస్తూనే, తల ఎత్తకుండా అంది: "అన్నాచెల్లెళ్లకి పెళ్లి చేస్తారా? ఏం మనుషులయ్యా మీరు!"

షెర్గాజీ తాతకి పొలమారింది.

"మంగళవారం నుంచీ నా మనవడు బాత్మా దగ్గరే పాలు తాగుతున్నాడు. ఒకసారి కాదు, తొమ్మిదిసార్లు. ఏ ముల్లా వచ్చి అడిగినా తడుముకోకుండా చెప్తాను."

"మతిపోయిందా నీకు? ఎవర్నడిగి ఇప్పించావ్?" మామగారు అరిచారు.

"బిడ్డ ఏడ్చాడు. ఆ పిల్ల పాలిచ్చింది. ఇవ్వకూడదంటావా? అను, అందరూ వింటారు."

మా మతంలో ఒకే రొమ్ము పాలు తాగినవాళ్లకి పెళ్లి లేదు, అక్కడితో సరి. పెట్టె మూతపడింది. నా పక్కనే కూర్చున్న బాత్మా తల వంచుకుంది గానీ, పెదవుల చివర నవ్వు ఆగడం లేదు. ఆమె దగ్గర గులాబీ సబ్బు వాసన గుప్పుమంది.

అత్తగారు బయటికి వెళ్తే వెంటపడ్డాను.

"నాకొక్క మాట చెప్పొచ్చుగా ఆపా! వాడికేదో రోగమొచ్చిందని మూడు రోజులు చచ్చి బతికాను."

"నీకు చెప్తే నువ్వు నీ మొగుడికి చెప్తావు. వాడు వాళ్ల నాన్నకి చెప్తాడు." చెవులకున్న కమ్మలు తడుముకుంది. ఆవిడ వాటిని తియ్యగా నేనెప్పుడూ చూడలేదు. "ఇవి పెట్టినప్పుడు నాకు నలభై రోజులట. నన్నెవరడిగారు?"

ఆవిణ్ణి గట్టిగా వాటేసుకోవాలనిపించింది. జుట్టు పట్టుకుని వంచాలనీ అనిపించింది. నా బిడ్డని కాపాడింది నా బిడ్డని నాకు కాకుండా చేసి.

లోపల నాజిక్ గుక్కపట్టి ఏడ్చింది. బాత్మా టీ గిన్నెలతో అటెక్కడో ఉంది. మూడు రోజులుగా దాని వాటా నా కొడుకు తాగేశాడాయె. లోపలికెళ్లి పిల్లనెత్తుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నాను. అది రెండు పిడికిళ్లతో పట్టుకుని ఆబగా తాగుతుంటే, మంగళవారం తర్వాత మొదటిసారి సలుపు తగ్గింది.

"ఏయ్ పిల్లా, దాని తల్లిని ఒక్క మాట అడిగి..." అంటూ వెనకే లోపలికొచ్చిన అత్తగారు, నేను తల తిప్పితే నా మొహం చూసి ఆగిపోయింది.