పదకొండు సెకన్ల చుట్టుదారి

అభిలాష్ చచ్చిపోవడం నాకు కొత్త కాదు. ఆటలోనే లెండి. కానీ ఒకే చోట, ఒకే తప్పు చేసి, వరసగా రెండు ఆదివారాలు చచ్చి జట్టునంతా ముంచాడంటే ఒళ్ళు మండదా?

మాది ముగ్గురి జట్టు. నా పేరు వర్షిణి. నంద్యాలలో మా నాన్న పైపులు, మోటార్లు అమ్మే కొట్టులో పగలంతా నేనే కూర్చుంటాను. అజయ్ కుమార్ అన్న ఇక్కడే ఒక బడిలో లెక్కల సారు. అభిలాష్ ఇరవై రెండేళ్ళవాడు, ఆళ్లగడ్డలో వాళ్ళ నాయన దగ్గర విగ్రహాలు చెక్కుతాడు. మేం ఆడేది రోబోల యుద్ధం. ఎవరింట్లో వాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని అరుచుకుంటాం. మూడేళ్ళుగా కింది లీగ్‌లోనే పడి ఉన్నాం. పై లీగ్‌లోకి పోవడానికి ఈసారి మూడు ఆటలిచ్చారు, వాటిలో ఒక్కటి గెలిస్తే చాలు. రెండు ఓడిపోయాం.

మా గండమంతా ఎదుటి జట్టు స్నైపర్. అదొక భారీ రోబో. దూరంగా గుట్ట మీద నిలబడి పొడవాటి తుపాకీతో కొడుతుంది. నాదీ అభిలాష్‌దీ లైట్ రోబోలు. పరుగు ఎక్కువ, ఒళ్ళు పల్చన, ఒక్క గుండు తగిలితే సరి. అయితే ఆ తుపాకీ ఒకసారి పేలాక మళ్ళీ సిద్ధం కావడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. లైట్ రోబో బతుకంతా ఆ ఎనిమిది సెకన్లే. అది పేలేదాకా గోతిలో నక్కి ఉండాలి, పేలగానే లగెత్తి దాని కాళ్ళ సందున దూరాలి. అంత దగ్గరికొచ్చినవాడి మీదికి ఆ పొడుగు గొట్టం వంగదు. ఆపైన మనిష్టం.

గోతికీ గుట్టకీ మధ్య ఒక పెద్ద రాతి విగ్రహం వెల్లకిలా పడి ఉంటుంది. అది ఏ దేవుడో ఆట తయారుచేసినవాళ్ళకే తెలియాలి. దాని మీదుగా పోతే గుట్ట ఆరు సెకన్లు, చుట్టూ తిరిగి పోతే పదకొండు. ఇందులో అర్థం కానిదేముంది? అజయ్ అన్న తన డాలు రోబోతో ముందుకు జరిగి గుండు కాచుకుంటాడు, నేను ఎదుటి జట్టులో మిగతావాళ్ళను ఆపుతుంటాను, అభిలాష్ గోతిలోంచి దూకుతాడు, విగ్రహం దాకా వస్తాడు, చుట్టూ తిరుగుతాడు.

"యాడికిరా పోతాండావ్? మింద నుంచి పో!" అని గొంతు చించుకున్నాను రెండో ఆదివారం.

"పోతాండాలే అక్కా" అంటూనే చుట్టూ పోయాడు. తొమ్మిదో సెకనులో స్నైపర్ వాణ్ణి తునకలు చేసింది.

"వానికి ఏందో తిక్కమ్మా" అన్నాడు అజయ్ అన్న. "కోయిలకుంట్ల దినేశ్ ఖాళీగా ఉండాడు కదా, వాణ్ణి పెట్టుకుందాం." ఆడేవాళ్ళ పేర్లు లీగ్‌వాళ్ళకు శనివారం మధ్యాహ్నంలోగా పంపాలి.

నాకు మాత్రం తల పట్టేసింది. మిగతా ఏ చోటైనా అభిలాష్ అంతటివాడు లేడు. ఆ ఎనిమిది సెకన్ల లెక్క నాకు నేర్పిందే వాడు. మరి ఆ ఒక్కచోట ఏమవుతుంది? నెట్ ఆగిపోతుందా? ఎదుటివాళ్ళతో లాలూచీ పడ్డాడా? ఫోన్ చేసి అడిగితే "ఏం ల్యాక్కా" అంటాడు. ఆ ముక్క వినీ వినీ విసుగొచ్చి, శుక్రవారం కొట్టు నాన్నకు అప్పగించి ఆళ్లగడ్డ బస్సెక్కాను. మొహమ్మీద కడిగేద్దామనే పోయాను.

శిల్పాల కొట్టంలో అడుగు పెడితే తెల్లటి దుమ్ము, మిషన్ల రొద. అభిలాష్ ముక్కుకు గుడ్డ కట్టుకుని పడుకోబెట్టిన ఒక రాతి విగ్రహం మీద నిలబడి ఉన్నాడు. సాక్షాత్తూ దాని గుండెల మీద! ఆ పక్కన వాళ్ళ నాయన అదే విగ్రహం తొడమీద కూర్చుని క్యారియర్ విప్పుకుని అన్నం తింటున్నాడు. నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"దీని మీద తొక్కులాట ఆడతావు, ఆటలో మటుకు కాలు పెట్టవా?" అన్నాను.

వాడు కిందికి దిగి, నీళ్ళిస్తానని లోపలికి పిలిచాడు. గోడ పక్కన ఇంకో విగ్రహం పడుకోబెట్టి ఉంది. దారికి అడ్డంగా దాని పాదాలున్నాయి. దాటబోయాను. అభిలాష్ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. వాడు నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

"దానికి కండ్లు చెక్కినామక్కా" అన్నాడు.

"అయితే?"

"కండ్లు చెక్కేదాకా రాయి. కూచుంటాం, నిలబడతాం, ఆడనే బువ్వ తింటాం. కండ్లు వచ్చినాక కాలు ఆనకూడదు. మా నాయన అయినా సుట్టూ తిరిగే పోతాడు."

"ఆటలోది రాయి కూడా కాదు కదరా! ఎవడో కంప్యూటర్లో గీసిన బొమ్మ."

"గీసినోడు కండ్లు పెట్టినాడు కదక్కా. నువ్వు చూసినావో లేదో, శానా బాగా తీసినాడు." నీళ్ళ చెంబు నా చేతికిస్తూ మళ్ళీ అన్నాడు. "పోదామనే వస్తా. ఆడికొచ్చేసరికి ఏలు కదలదు. నన్ను తీసెయ్యద్దక్కా. ఈడ పొద్దస్తమానం ఈ రొదే. మీతో ఆడేటప్పుడే నాకు బాగుంటది."

కడిగేయడానికి పోయినదాన్ని నీళ్ళు తాగి తిరిగొచ్చాను. బస్సులో నంద్యాల దాకా నాలో నేనే గొణుక్కున్నాను. వాడిది మూర్ఖత్వమా, భక్తా, పనివాడి మర్యాదా? వాణ్ణి తీసేస్తే పాపమా, ఉంచితే తెలివితక్కువా? శనివారం దినేశ్ పేరు రాసి కొట్టేశాను, అభిలాష్ పేరు రాసి కొట్టేశాను, మళ్ళీ అభిలాష్ పేరే రాసి పంపాను. ఎందుకంటే నన్నడగొద్దు. అజయ్ అన్న అడిగితే కసిరేశాను.

ఆదివారం చర్చి అయ్యాక అజయ్ అన్న ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మూడు గంటలకు ఆట మొదలైంది. స్నైపర్ తప్ప ఎదుటివాళ్ళందరినీ పడగొట్టాం గానీ, అజయ్ అన్న కూడా పడిపోయాడు. ఇక గుండు కాచేవాడు లేడు. గోతిలో నేనూ అభిలాష్ మిగిలాం. ఆట ముగియడానికి నలభై సెకన్లుంది. అప్పటిదాకా స్నైపర్ నిలబడితే గెలుపు వాళ్ళదే. మాలో ఎవరు తల ఎత్తినా పేలుతుంది.

"ఈ ఒక్కసారికి మింద నుంచి రారా" అన్నాను. "నీకు దండం పెడతా."

వాడు గోతిలోంచి దూకి, విగ్రహం దాకా పోయి, చుట్టూ తిరిగాడు. గుట్టమీద తుపాకీ పేలింది. అభిలాష్ రోబో అక్కడే కూలిపోయింది.

ఎనిమిది సెకన్లు మొదలయ్యాయి.

నేను దూకాను. ఒక అడుగు విగ్రహం కడుపు మీద, రెండోది రొమ్ము మీద, మూడోది ముఖం మీద. ఆరో సెకనులో స్నైపర్ కాళ్ళ మధ్య ఉన్నాను. అది నన్ను తుపాకీతో వెతుక్కుంటూ గిరగిరా తిరిగింది. నేను దానితోపాటే తిరుగుతూ మోకాళ్ళ వెనక కొట్టి కొట్టి పడేశాను.

గెలిచాం. మూడేళ్ళ తర్వాత గెలిచాం! అజయ్ అన్న ప్రభువుకు స్తోత్రమని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. "ఏం ప్లాన్ వేసినావమ్మా! వాణ్ణి ఎరేసి గుండు ఖాళీ చేయించినావు!" అని ఒకటే పొగడ్త. నేను ప్లానేమీ వేయలేదని చెప్పే సందు కూడా ఇవ్వలేదు. అభిలాష్ మాట మాత్రం వినిపించలేదు. ఫోన్ చేశాను.

"కావాలనే పోయినావా రా? నాకోసం గుండు తినేకి?"

"లేదక్కా. నువ్వు నా ఎనకాలే సుట్టూ వస్తావనుకుంటి. శుక్రవారం చూసినావు కదా."

"వస్తే ఇద్దరం పోతాం! ఓడిపోతాం కదరా!"

"ఊ. ఓడిపోతాం" అన్నాడు. ఓడిపోవడం కూడా మనిషి చేయదగ్గ పనే అన్నట్టు అన్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు.

"నా రోబో పడిపోయినాక, నా తెర మింద నీది చూస్తానే ఉంటి" అన్నాడు మళ్ళీ. "పై ఆటకు దినేశ్‌ను పెట్టుకో అక్కా."

"తిట్టరా నన్ను. ఏమన్నా అను."

"అనేకేముంది? నీకు అది బొట్టు పెట్టి మొక్కిన దేవుడు కాదు. ఆడేటప్పుడు కింద ఏముందో ఎవరు చూస్తారు? నువ్వు చూసుండవులే."

అంత మంచిగా వాడే నాకో సాకు చేతికిచ్చాడు. పట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. ఎందుకంటే మూడో అడుగుకు ముందు తెరంతా ఆ ముఖమే నిండింది. వాడు చెప్పింది నిజమే, కళ్ళు చాలా బాగా తీశారు. నేను వాటిని చూశాను. చూసే కాలు వేశాను.