నా చేతికి కుదరని పిడి

మూత ఈసారీ కదల్లేదు. పరికరం దవడలు ఒక్క క్షణం కరుచుకుని టప్పున వదిలేశాయి.

మా అమ్మాయి ఏమీ అనలేదు. షెడ్డులో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచి, ఫోనులో టైము చూసి, మళ్లీ వెనక్కి నడిచింది. తిట్టినా బాగుండేది. వాళ్లమ్మా అంతే, ఆవిడ మాట తగ్గించిన రోజున ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు చేయడానికి జంకేవి.

బిగుసుకుపోయిన సీసా మూతల్ని తీసే పరికరం అది. కీళ్లనొప్పులున్నవాళ్ల కోసం, పట్టు తగ్గిన చేతుల కోసం చేస్తున్నాం. పిడి నొక్కితే రెండు దవడలు మూతను పట్టుకుంటాయి, అలాగే తిప్పాలి. పని అయ్యాక పిడి పక్కనున్న చిన్న మీటను బొటనవేలితో నొక్కితే దవడలు వదులుతాయి. పెద్ద దుకాణాలు నడిపే కంపెనీ ఒకటి దీని మీద ఆసక్తి చూపించింది. వాళ్ల కొనుగోలు అధికారిణి ఆ మధ్యాహ్నమే వస్తానంది. ఆవిడ ఊ అంటే షెడ్డు నిలుస్తుంది. ఊహూ అంటే నెలాఖరుకి తాళాలు యజమాని చేతిలో పెట్టేసి, మా అమ్మాయి తాను వదిలి వచ్చిన ఆఫీసు గుమ్మం ముందే మళ్లీ నిలబడాలి.

డిజైను గీతలు అమ్మాయివి. ఇనుపపని, చెక్కపని మా బావమరిదివి. జీవితమంతా లేత్ మిషను ముందు నిలబడిన మనిషి. ఇక నాది ‘ముసలి చెయ్యి’ ఉద్యోగం. ఆ పేరు బావమరిది పెట్టిందే. పెద్దవాళ్ల కోసం చేసే వస్తువును పెద్దవాళ్లెవరైనా వాడి చూడాలి కదా, నేనేమో ఖాళీగా ఉన్నాను. మా ఆవిడ పోయాక నాకొక పని దొరకడమే గొప్ప అనుకుని ఒప్పుకున్నాను.

పిడి కోసం వాళ్లిద్దరూ పడ్డ కష్టం అంతా ఇంతా కాదు. అమ్మాయి బంకమట్టి ముద్దను పిడికిట్లో బిగించేది. వేళ్లు దిగినచోట బావమరిది చెక్కలో పల్లాలు తీసేవాడు. తానూ పట్టి చూసి, పెదవి విరిచి, మళ్లీ మట్టి తెమ్మనేవాడు. చివరికి అది వాళ్లిద్దరి చేతుల్లో పిల్లికూనలా ఒదిగిపోయింది. నా చేతిలోనే మొరాయించింది. పట్టు చాలడం లేదనుకున్నాం ముగ్గురమూ. నా కోసం స్ప్రింగు మార్చి మెత్తనిది వేశారు. జారింది. ఇంకా మెత్తనిది వేశారు. మరింత బిగించి పట్టాను, మరింత జారింది. పడుకునే ముందు పిడికిలి ముడిచి, విప్పి చూసుకోవడం నాకు అలవాటైపోయింది.

ఆ ఉదయం వేసింది అన్నిటికంటే మెత్తని స్ప్రింగు. దానితో ఇప్పుడు అమ్మాయి పట్టినా గట్టి మూతలు రావడం లేదు. ఉన్నదీ పోయింది.

“డిగ్రీ చదివిన చెయ్యమ్మా అది. ఫైళ్లు కట్టిన దారాలు తప్ప ఏం విప్పింది పాపం?” అన్నాడు బావమరిది. “మా అక్క ఎలా వేగిందో.”

ఇంట్లో మూతలన్నీ మీ అక్కే తీసేదని ఒప్పుకున్నాను. అతను నవ్వబోయి, అమ్మాయి ముఖం చూసి మానేశాడు. తర్వాత గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పాడు. గట్టి స్ప్రింగు మళ్లీ వేసేద్దాం, ఆ అధికారిణి వచ్చినప్పుడు అమ్మాయే తీసి చూపిస్తుంది, బావను కాస్త ముందే ఇంటికి పంపించేద్దాం. నాకూ అదే మంచిదనిపించింది. చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాను.

“ఎక్కడికి నాన్నా?” అంది అమ్మాయి. “పెట్టె మీద ‘అందరి చేతులకూ’ అని అచ్చు వేయించాను. నీ చేతికి రాకపోతే అది అబద్ధం. అబద్ధాన్ని అమ్మడానికైతే పాత ఉద్యోగమే నయం.”

నేను చెప్పులు వదిలేశాను. బావమరిది ఫ్లాస్కులోంచి టీ వంచి, గ్లాసు నా కుడిచేతిలో పెట్టాడు. ఎంత గొడవలోనూ చక్కెర తక్కువ వేయడం మరిచిపోడు, అదొక ఊరట. కూర్చోబుద్ధి కాలేదు. బల్ల దగ్గరికి వెళ్లాను. సీసా బల్లకున్న బిగింపులో ఉంది, పక్కనే మా మొట్టమొదటి నమూనా, అసలు స్ప్రింగుది, పడి ఉంది. ఊరికే ఉండలేక ఖాళీగా ఉన్న చేత్తో దాన్ని తీసి మూతకు తగిలించి తిప్పాను.

మూత ఊడి వచ్చింది.

బావమరిది గబగబా వచ్చి, పళ్లు బిగబట్టి మూతను మళ్లీ గట్టిగా మూసి, “ఇప్పుడు తియ్యి” అన్నాడు. తీశాను. టీ కూడా ఒలకలేదు. గ్లాసు కింద పెట్టి కుడిచేత్తో ప్రయత్నించాను. టప్పున జారింది.

“కదలకు నాన్నా, అలాగే పట్టుకో.” అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని నా చేతిని చుట్టూ పరీక్షగా చూసింది. మీట నా బొటనవేలి వైపు లేదు. అరచేతి కింద ఉంది. నేను ఎంత బలంగా బిగిస్తే నా అరచెయ్యే దాన్ని అంత బలంగా నొక్కి దవడల్ని వదిలిస్తోంది.

“మామయ్యా, నువ్వు ఏ చేత్తో పట్టి చూశావు?”

అతను తన ఎడమచెయ్యి వంక చూసుకున్నాడు. అమ్మాయి తన ఎడమచెయ్యి వంక చూసుకుంది.

మా ఆవిడ పుట్టింట అందరిదీ ఎడమచేతివాటమే. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ నాకు కుడివైపు కూర్చుని తింటుంటే మోచేతులు పొడుచుకునేవి. రెండు రోజులు ఓర్చుకుని, మూడోనాడు తన కుర్చీ నా ఎడమవైపుకు లాక్కుంది. కత్తెరల్నీ, తలుపు గడియల్నీ, గరిటె మూతుల్నీ చేసినవాళ్లను ఆ ఇంట్లో తిట్టనివారు లేరు.

“పోనీలే, లోకం మీద పగ తీర్చుకున్నాం” అన్నాడు బావమరిది.

అమ్మాయి నవ్వలేదు. అప్పటికే పిడి విప్పుతోంది. మీటను పక్క నుంచి తీసి పైన, నడిమధ్యన పెట్టాలంది, ఏ బొటనవేలికైనా అందేలా. వేళ్ల పల్లాలు తీసేయాలంది. ఆ మాటకు బావమరిది ముఖం మాడిపోయింది, ప్రాణం పెట్టి చెక్కినవి మరి. గొణుగుతూనే ఆకురాయి అందుకున్నాడు. అమ్మాయి కొత్త రంధ్రం వేసింది. పాత రంధ్రంలో చెక్కముక్క దిగగొట్టాడు అతను. నేను పొట్టు ఊదుతూ, స్క్రూలు అందిస్తూ, వీధిలో ఏ బండి ఆగినా కిటికీ వైపు తల తిప్పుతూ ఉన్నాను. రంగు వేసే వ్యవధి లేదు. గట్టి స్ప్రింగు వేసి, ఆఖరి స్క్రూ బిగిస్తుండగా కారు తలుపు చప్పుడైంది.

కొనుగోలు అధికారిణి లోపలికి వచ్చింది కానీ కూర్చోలేదు. అమ్మాయి పరికరాన్ని ముందు నాకిచ్చింది. కుడిచేత్తో తీశాను. ఆవిడా తీసింది. తర్వాత పిడిని వెలుతురులోకి ఎత్తి, చెక్కముక్క కొట్టిన చోట గోరుతో గీకి, ఇదేమిటని అడిగింది.

బావమరిది దగ్గాడు. ఏదో ఒకటి చెప్పెయ్యమని ఆ దగ్గుకు అర్థం. అమ్మాయి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆవిడ విని, పరికరాన్ని ఎడమచేతికి మార్చుకుని ఇంకొకసారి మూత తీసింది. ఆ కాసేపూ మా బావమరిది ఊపిరి నాకు వినబడుతూనే ఉంది.

“రంగు వేసి పంపండి. ముందు మా రెండు దుకాణాల్లో పెట్టి చూస్తాం” అంది. “ఆ చెక్కముక్క గుర్తు మాత్రం కనబడకూడదు.”

కారు మలుపు తిరిగేదాకా ఎవరమూ కదల్లేదు. తర్వాత బావమరిది ఫ్లాస్కు విదిలించి మిగిలిన టీ మూడు గ్లాసుల్లోకి సర్దాడు.

“బావా, నీ ఉద్యోగం పోయింది. చెయ్యి బాగానే ఉంది. ఇక నిజమైన ముసలిచెయ్యిని వెతుక్కోవాలి” అన్నాడు.

అమ్మాయి ముక్కాలిపీట లాక్కుని నా కుడిపక్కన కూలబడింది. గ్లాసు ఎత్తబోతే తన మోచెయ్యి నా మోచేతికి తగిలింది. లేచి, పీటను నా ఎడమవైపుకు ఈడ్చుకుంది.