మేకు మీద తాళంచెవి

రేపు రిజిస్ట్రారు ఆఫీసులో నా పెళ్ళి. సంతకాలయ్యాక ఒకరికొకరం ఇచ్చుకునే మాటలు సొంతంగా రాసుకొచ్చి అందరి ముందూ చదువుదామన్నది నేనే. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. పొద్దుటినుంచి కుట్టుమిషను ముందు కూర్చుని, బట్ట పెట్టకుండా ఊరికే తొక్కుతున్నాను.

"ఆ మిషనేం పాపం చేసిందే?" అంది అమ్మ, పక్కన బొత్తాలు కుడుతూ. మా ఇల్లే మా టైలరు కొట్టు.

'నీకు కమ్మగా వండిపెడతాను' అని రాశాను. పచ్చి అబద్ధం. కొట్టేశాను. 'నీ మీద అరవను' అని రాశాను. అది చదివి అమ్మ నవ్వలేక గోడ పట్టుకుంది.

లేచి గదంతా తిరిగాను. మళ్ళీ కూర్చున్నాను.

అంతలో అతను వచ్చాడు, రేపటి పెళ్ళికొడుకు. కారు నడపడం నేర్పుతాడు. నేర్చుకునేవాళ్ళు బండిని గోడమీదికి తోలుతున్నా తన వైపు బ్రేకు మీద కాలు పెట్టుకుని "ఫరవాలేదండీ, మెల్లగా" అనే రకం. నా అరుపులకీ అదే జవాబు. ఒళ్ళు మండిపోతుంది.

"కాలుగాలిన పిల్లిలా ఉన్నావేం? నాది రాయడం అయిపోయింది," అన్నాడు జేబు తట్టుకుంటూ. నా కాగితం నిండా ఉన్న కొట్టివేతలు చూశాడు. "ఇన్నెందుకు? నిన్ను వదిలి ఎక్కడికీ వెళ్ళనని ఒక్క ముక్క అను. మిగతావి నేను సర్దుకుంటా."

అదొక్కటే నేను అనలేను. కోపమొస్తే నాకు ఇంట్లో కాలు నిలవదు. ఒకసారి అతన్ని సినిమా మధ్యలో వదిలేసి వచ్చేశాను. అంతా నాన్న పోలిక. ఆయనా అలాగే విసురుగా పోయి సాయంత్రానికి వచ్చేవాడు. "మిమ్మల్ని వదిలి ఎక్కడికి పోతానే, పిచ్చిదానా" అనేవాడు. నా చిన్నప్పుడు ఒకరోజు పోయాడు, మరి రాలేదు. ఎప్పుడూ వెంట తీసుకెళ్ళే ఇంటి తాళంచెవి ఆ రోజు తలుపు పక్క మేకుకే వేలాడుతోంది. అది చూశాక అమ్మ వెతకడానికి కూడా వెళ్ళలేదు.

"అనలేను," అన్నాను.

"అంటే వెళ్ళిపోతావా?" అతని గొంతు వణకడం అదే మొదటిసారి వినడం.

"నాకేం తెలుసు!"

"తెలియకపోతే రేపు పెళ్ళెందుకు మరి?"

తలుపు ధడాలున వేసి మెట్లు దిగాను. వీధి దాటాను, ఇంకో వీధి దాటాను. నాన్న పోలిక, నాన్న పోలిక. ఎంత నడిచినా ఆ మాట వెంటే వస్తోంది. నేనూ ఆయనలాగే అయిపోతానేమోనని ఎంత భయమో, అతనికి ఏనాడూ చెప్పలేదు. ఏడుపు తన్నుకొచ్చింది. మొహం తుడుచుకోబోతే అరచేతిలో ఏదో గుచ్చుకుంది.

తాళంచెవి. మేకు మీదనుంచి ఎప్పుడు తీశానో నాకే తెలియదు.

వెనక్కొచ్చి తలుపు తీశాను. అతను మేకు వైపే చూస్తూ కూర్చున్నాడు. అమ్మ ఇంకా బొత్తాలే కుడుతోంది.

"చెప్పానా బాబూ, వస్తుందని?" అంది తలెత్తకుండా. "ఇది ఎప్పుడు పోయినా తాళంచెవి పట్టుకునే పోతుంది. మేకు ఖాళీగా ఉంటే నాకు కంగారుండదు."

ఇన్నేళ్ళూ ఈ మాట నాతో అనడానికి ఏం రోగమొచ్చిందో ఆవిడకి!

కూర్చోకుండానే రాసి, కాగితం అతని చేతిలో పెట్టాను: 'కోపమొస్తే బయటికి వెళ్తాను. నన్ను ఆపకు. కానీ తాళంచెవి తీసుకునే వెళ్తాను.'

అతను రెండుసార్లు చదివాడు. "ఆ పెన్నిలా ఇవ్వు," అన్నాడు. జేబులోంచి తన కాగితం తీసి, రాసిందంతా కొట్టేసి, కింద ఒక్క ముక్క రాశాడు.

'నేను లోపల గడియ పెట్టను.'