రాకాసి గుడి జవాబు

పొద్దున్నే పోశవ్వ బండి మీది సీతాఫలాలకు నీళ్ళు చిలకరించి, వెనక్కి తిరిగి అడిగింది.

"పెద్దయ్యా, ఇయ్యాల వస్తడా?"

"ఔ" అంది రాకాసి గుడి.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో, లాడ్జి గోడకూ జిరాక్స్ షాపుకూ నడుమ, చుట్టూ గుండ్లు పేర్చిన మట్టిదిబ్బ అది. ఊరు పుట్టకముందే చచ్చిన ఎవరిదో సమాధి. ఆటోవాళ్ళు ఆ గుండ్లకే చక్రాలు ఆనించి, కిరాయి దొరుకుతుందా అని అడుగుతారు. పిల్లలు పాసవుతామా అని అడుగుతారు. అందరికీ ఒకటే జవాబు. ఫెయిలైన పిల్లలు కూడా మళ్ళీ వచ్చి అడుగుతారు, ఆశ చెడ్డది మరి.

పోశవ్వ పెనిమిటి పోచయ్య "గీడనే ఉండు, పనికి పోయొస్త" అని రైలెక్కి పోయిన మనిషి. అప్పుడు కొడుకు బాలరాజుకు పాలపళ్ళు. ఇప్పుడు గడ్డం.

"అమ్మా, మొజంజాహీ మార్కెట్ కాడ జాగ చూసిన. ఇయ్యాల చెప్పకుంటే వేరేటోళ్ళకిస్తరు" అన్నాడు బాలరాజు.

"గాడికి పోతే మీ నాయిన నన్నేడ దేవులాడుకుంటడు?"

"దిబ్బ మాట పట్టుకొని ఇంకెన్నేండ్లు కూసుంటవే!"

బండిని ఒక్క తన్ను తన్నాడు. పండ్లు సందంతా దొర్లాయి.

ఆ రోజు పెత్రమాస, చచ్చినవాళ్ళ పేరున అయ్యగారికి బియ్యం ఇచ్చే రోజు. సందు మొగదల సోమయాజులు గారు తువ్వాలు పరిచి కూర్చున్నారు. పోశవ్వ తెచ్చిన మూడు భాగాల బియ్యంలో, అత్త పేరూ, మామ పేరూ చెప్పి రెండు పోసింది.

"మూడోది ఎవరి పేరుమీదమ్మా?"

పోచయ్య పేరు గొంతు దాకా వచ్చి ఆగింది. చెబితే మొగుణ్ణి తన నోటితో చంపుకున్నట్టే. చెప్పకపోతే బతుకంతా ఈ సందులోనే. పోశవ్వకు ఒళ్ళు మండిపోయింది. గబగబా వచ్చి ఆ బియ్యం గుండ్ల నడుమ కుమ్మరించింది.

"తిను! నువ్వన్నా తిను! ఔ, ఔ అనుకుంట నా ఉసురు పోసుకుంటివి!"

గింజలు మట్టిలోకి ఇంకిపోయాయి. కాసేపటికి లోపలి నుంచి త్రేన్పు వినిపించింది.

వెనకే వచ్చిన సోమయాజులు గారు నిట్టూర్చారు. "ఇన్నాళ్ళూ అడగడమే గాని, ఈయనకు పిడికెడు పెట్టినవాళ్ళం లేము కదమ్మా. ఆకలితో ఉన్నవాడు దేనికైనా ఔననే అంటాడు."

పోశవ్వ దిబ్బ వైపు తిరిగింది. అడక్కుండా ఉండొచ్చు. అయినా అడిగింది.

"పెద్దయ్యా, పోచయ్య వస్తడా?"

"రాడు బిడ్డా" అంది రాకాసి గుడి.

పోశవ్వ అక్కడే కూలబడి బావురుమంది. ఏం చెయ్యాలో తోచక బాలరాజు పండ్లు ఏరి బండి మీద పెడుతూ ఉన్నాడు. ఏడ్చి ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఏళ్ళ తరబడి బండి చక్రాల కింద ఉన్న రాళ్ళు పీకి పారేసింది పోశవ్వ.

"ఆ దిక్కు పట్టుకో బిడ్డా, నూకు" అంది.