ఎనిమిదో చెరువు నీళ్లు

నేను ఒక గాజు సీసాను. మందు సీసాను కాను, అత్తరు సీసాను కాను. చెరువు నీళ్లలో చేపకు ఊపిరి ఉందా లేదా అని చెప్పే పరీక్ష సీసాను. పావు లీటరు కంటే కాస్త ఎక్కువ పడతాను. మెడ సన్నం. బిరడా కూడా గాజుదే. అరగదీసి నా మెడకే సరిపెట్టారు. ఇంకో సీసా బిరడా నాకు పట్టదు.

ఎక్కడో ఉత్తరాదిన కొలిమిలో పుట్టాను. నన్ను ఊదినవాడి బుగ్గలు తప్ప మొహం గుర్తులేదు. వాడికీ నేను గుర్తుండను. గడ్డిలో చుట్టి పెట్టెలో పెట్టారు. పెట్టె తెరిచేసరికి కొత్తగరువులో ఉన్నాను.

కొత్తగరువు చుట్టూ పదకొండు ఊళ్లు. ఒకప్పుడు వరిచేలు. ఏటా మునిగిపోతుంటే విసిగి, గట్లు లేపి చెరువులు చేశారు. బొచ్చె, శీలావతి చేపలు పెంచుతారు. ఎవరి చెరువు వారిదే. కానీ జబ్బు గట్టు చూసి ఆగదు. అది తెలిసి పెద్దిరాజు గారు అనే రైతు పదకొండు ఊళ్ల వాళ్లనీ కూర్చోబెట్టి సంఘం పెట్టించారు. ఆయనే అధ్యక్షుడు. సంఘానికి ఒక రేకుల షెడ్డు, పది కుర్చీలు, ఒక టీ ఫ్లాస్కు. తర్వాత నేను వచ్చాను.

నన్ను ముంగర పోలయ్య చేతికిచ్చారు. చిన్నప్పటి నుంచి వలలు లాగిన మనిషి. ఎక్కువ మాట్లాడడు. చేపల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి రెండు రోజులు పరీక్ష నేర్పి వెళ్లాడు. నేర్చుకున్నది పోలయ్య ఒక్కడే. మిగతావాళ్లు టీ తాగారు.

పని ఇది. పోలయ్య నన్ను పట్టుకుని రొమ్ములోతు నీళ్లలోకి దిగుతాడు. చెయ్యి చాచినంత లోతుకు నన్ను దించి, అక్కడ బిరడా తీస్తాడు. ఒక్క గాలిబుడగ లోపలికి రాకూడదు. నిండగానే నీళ్లలోనే బిరడా పెట్టేస్తాడు. గట్టు మీద కూర్చుని రెండు రకాల మందు చుక్కలు వేస్తాడు. నీళ్లు గోధుమరంగుకు తిరిగితే చేపకు ఊపిరి ఉన్నట్టు. తెల్లగా విరిగిన పాలలా అయితే లేనట్టు. అప్పుడు ఇంజను వేసి రాత్రంతా నీళ్లు చిమ్మించాలి.

లోతుకు ఎందుకు దిగాలి అంటే, పైనీళ్లకు గాలి తగులుతుంది. అవి ఎప్పుడూ బాగానే ఉంటాయి. చేప ఉండేది కింద.

పద్నాలుగేళ్లు ఇలాగే నడిచింది. సాయంత్రం అయితే ప్రతి గట్టు మీదా ఒకటే మాట, "సీసా ఏమంది?" అని. నేను ఊ అంటే ఇంజను ఆగేది, ఊహూ అంటే తిరిగేది. బాపినీడు అనే రైతు సొంత తమ్ముడి మాట నమ్మక గట్టు హద్దుకు మూడుసార్లు కొలత వేయించాడు. నన్ను మాత్రం ఒక్కసారి కూడా మళ్లీ ముంచమనలేదు. మనుషులు ఒకరినొకరు నమ్మలేనప్పుడు ఒక వస్తువును పెట్టుకుంటారు. ఆ వస్తువును పట్టుకున్న చేతిని మర్చిపోతారు.

ఆ ఏడు వానాకాలంలో మూడు రోజులు ముసురు పట్టింది. ఎండ లేకపోతే చెరువుల్లో ఊపిరి తగ్గుతుంది. పోలయ్య రోజూ అన్ని చెరువులూ తిరుగుతున్నాడు. రెండో రోజు కాలికి జెల్ల చేప ముల్లు గుచ్చుకుంది. మూడో రోజుకు పాదం వాచింది. ఆ కాలుతోనే ఏడు చెరువులు దిగాడు. ఎనిమిదోది బాపినీడు చెరువు. ఇంకో పది రోజుల్లో అక్కడ చేపలు పట్టాలి.

ఆ చెరువుకు కాపలా ఏసుపాదం. గట్టు మీద పాకలోనే పెళ్లాం, ఇద్దరు ఆడపిల్లలతో ఉంటాడు. నోరు ఊరుకోదు.

"ఏం పోలయ్య బాబాయ్, మెట్ల మీదే ఆగిపోయారు? మా చెరువులో మొసలున్నాదని ఎవరన్నా చెప్పారా?"

"కాలు."

"పోనీ నేను దిగి తేనాండి?"

"బుడగ పట్టేస్తావు. నీకు చాతకాదు."

పోలయ్య మెట్ల మీద కూర్చున్నాడు. పక్కనే తూములోంచి కాలవ నీళ్లు నురగ కక్కుతూ పడుతున్నాయి. అక్కడే వంగి నన్ను ముంచాడు. పైపైన. చుక్కలు వేశాడు. గోధుమరంగు వచ్చింది.

"ఇంజను అక్కర్లేదు."

"పొద్దున చేప మేతకి సరిగ్గా రాలేదండి బాబాయ్. ఓపాలి ఇంజనేసుకుంటే..."

"సీసా చెప్పిందిగా."

ఏసుపాదం ఇంజను మీద గోనె కప్పాడు.

తెల్లవారేసరికి చెరువంతా తెల్లటి పొట్టలు. చేప గాలి కోసం మూతి పైకి పెట్టడం చూడగానే ఏసుపాదం ఇంజను వేశాడు. అప్పటికే ఆలస్యమైంది. బాపినీడు వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. అరవలేదు. ఒక శీలావతిని తీసుకుని దాని మొప్ప విప్పి చూసి కింద పెట్టాడు. ఇంకోటి తీసుకున్నాడు. అలా చాలాసేపు చూశాడు.

చేప చచ్చిన మూడో రోజు సంఘం కూర్చుంది. నేను బల్ల మీద ఉన్నాను. కొత్తగరువులో ఒక కట్టుబాటు ఉంది. కాపలావాడిది తప్పని సంఘం తేలిస్తే, పదకొండు ఊళ్లలో ఏ చెరువు మీదా వాడికి పాక ఇవ్వరు.

"సాయంత్రం సీసా బాగుందంది. మరి బాగున్న నీళ్లలో చేప ఎందుకు చచ్చింది? నువ్వు పడుకున్నావు," అన్నారు పెద్దిరాజు గారు ఏసుపాదంతో.

"పడుకోలేదండి. మా పిల్లల మీద ఒట్టండి. చేప తేలగానే ఇంజనేశానండి."

"ఆడు చేపల్ని లేపలేదండి రాజుగారూ, చేపలే ఆడిని లేపుంటాయి," అన్నాడు వెనక నుంచి ఎవరో. నవ్వారు. బాపినీడు నవ్వలేదు.

పోలయ్య లేచాడు. లేవడానికి కుర్చీ పట్టుకోవాల్సి వచ్చింది.

"ఆ రోజు నేను దిగలేదండి."

ఎవరికీ అర్థం కాలేదు.

"తూము కాడ పైనీళ్లు ముంచాను. తప్పు నాది. ఏసుపాదం ఇంజనేత్తానన్నాడు. నేనే వద్దన్నాను."

పద్నాలుగేళ్లలో ఆ షెడ్డులో ఆయన అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. పెద్దిరాజు గారు కుర్చీ చూపించారు.

"కూర్చో పోలయ్యా. నీ మంచితనం మాకు తెలీదా? ఆడపిల్లల తండ్రని నెత్తినేసుకుంటున్నావు."

"కాదండి. దిగలేదు."

"పద్నాలుగేళ్లు దిగినోడివి, ఆ ఒక్క చెరువే దిగలేదా?" అన్నాడు బాపినీడు.

"కాలు వాచిందండి."

"ఆ కాలుతోనే ముందు ఏడు చెరువులు దిగావంటగా! అందరూ చూశారు."

ఏడు దిగినవాడు ఎనిమిదోది ఎందుకు దిగలేదో పోలయ్యకే తెలీదు.

"పోలయ్య సీసా అబద్ధమాడదండి," అన్నారు ఇంకొకరు. అందరూ తలలూపారు. ఊపక ఏం చేస్తారు? ఆ మాట తప్పయితే ప్రతివాడూ ఆ సాయంత్రం ఇంటికెళ్లి, తన చెరువు సంగతి మొదటి నుంచీ ఆలోచించుకోవాలి. అంతకంటే ఏసుపాదాన్ని పంపడం తేలిక. పంపేశారు.

మర్నాడు ఏసుపాదం పాక తాళంచెవి ఇవ్వడానికి షెడ్డుకు వచ్చాడు. లోపల పోలయ్య ఒక్కడే ఉన్నాడు.

"నాకోసం లేచి నిలబడ్డారు బాబాయ్. అంతమందిలో."

పోలయ్య కుర్చీ ముందుకు జరిపాడు.

"మీరు నిజమే చెప్పారు. అక్కడున్నోళ్లలో నమ్మింది నేనొక్కణ్ణే." నవ్వడానికి చూశాడు. "ఆ రోజు మీ మాట ఇనకుండా ఇంజనేసుంటే ఏమయ్యుండేది? మహా అయితే తిట్టేవోరు."

"ఎక్కడికెళ్తావు?"

"మా ఆవిడోళ్ల ఊరండి. అక్కడ చెరువుల్లేవు. ఇటికల బట్టీలున్నాయంట."

తాళంచెవి నా పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

పోలయ్య ఆ తర్వాత నన్ను ముట్టుకోలేదు. సంఘం వాళ్లు ఒక మీటరు కొన్నారు. తీగ నీళ్లలోకి వదిలితే అంకె చూపిస్తుంది. గట్టు మీద నిలబడే చూసుకోవచ్చు. పోలయ్యకు శాలువా కప్పి, షెడ్డు చూసుకునే పని ఇచ్చారు. నన్ను కడిగి అద్దాల బీరువాలో పెట్టారు. నాలో ఇప్పుడు ఏ నీళ్లూ లేవు. నాలో పోసిన నీళ్ల సంగతే నేను ఎప్పుడూ చెప్పాను. అవి ఎక్కడ ముంచిన నీళ్లో చెప్పడం నాకు చేతకాదు.

పక్క జిల్లాల నుంచి రైతులు సంఘాన్ని చూడటానికి వస్తుంటారు. పెద్దిరాజు గారు వాళ్లను బీరువా దగ్గరికి తీసుకొస్తారు. "పద్నాలుగేళ్లు ఈ సీసా ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదండి," అంటారు. వచ్చినవాళ్లు అద్దం దగ్గరికి వంగి చూస్తారు.

అప్పుడు పోలయ్య బయటికి వెళ్తాడు. కుళాయి కింద కాళ్లు కడుక్కుంటాడు. చాలాసేపు కడుక్కుంటాడు. కాళ్లకు బురదేమీ ఉండదు.