ఇస్త్రీపెట్టె సీను

...అయినా మునిగిపోయేవాడికి ఛార్జరెందుకు, అనుకుంటూ కృపాజ్యోతి బాల్కనీ మెట్ల మీద చీపురు ఆపింది. లోపల హాలు పగలబడి నవ్వుతోంది. ఇస్త్రీపెట్టె సీను వచ్చిందన్నమాట.

నందిగామలోని ఆ థియేటరుకి ఈ సినిమా వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి ఆటలోనూ జనం అక్కడే నవ్వుతున్నారు. ఎండలు ముదిరి, సముద్రం పొంగి, పట్నమంతా నీళ్ళలో కలిసిపోయే కథ. మేడలు కూలుతున్నా ఎవరూ పెద్దగా కదలరు. ఒక గుమాస్తా మాత్రం నీళ్ళు మోకాళ్ళు దాటాక మళ్ళీ గదిలోకి పరిగెత్తి, ఇస్త్రీపెట్టె చంకన పెట్టుకుని డాబా ఎక్కుతాడు. అప్పుడు ఈలలు.

ఆ నవ్వు కృపాజ్యోతికి కావాలి. నలభై దాటిన మనిషి, నడుం దగ్గర చీర పైకి దోపి, ముక్కుకి పాత చున్నీ అడ్డం కట్టుకుని, రోజంతా సీటు సీటుకీ వంగి పాప్‌కార్న్ ఊడ్చే మనిషి. ఊరంతా ఒక్క గొంతుతో తన వైపు సాక్ష్యం చెబుతున్నట్టుంటుంది ఆమెకి. బుద్ధున్నవాడెవడూ వరదలో అలాంటి వస్తువు పట్టుకుపోడు. పట్టుకుపోయాడంటే ముందే అనుకుని పోయాడు.

రెండేళ్ళ కిందట మున్నేరు పొంగిన తెల్లవారుజామున ఆమె మొగుడు శాంతయ్య "గేదెను విప్పొస్తా" అని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. శవం దొరకలేదు. గేదె మాత్రం నీళ్ళు తీశాక తనే ఇంటికొచ్చింది. మెడలో పలుపు తెగలేదు, గుంజ నుంచి విప్పి ఉంది. కొట్టుకుపోయాడన్నారు అందరూ. ఆమె కూడా ఏడ్చింది. ఇల్లు కడుక్కుంటూ స్విచ్‌బోర్డు వైపు చూసేదాకా ఏడ్చింది. గోడ మీద నీటి మరక బోర్డుకి జానెడు కిందే ఆగిపోయి ఉంది. అందులో ఉండాల్సిన శాంతయ్య ఫోను ఛార్జరు లేదు. నీళ్ళు తీసుకుపోలేదు కాబట్టి మనిషే తీసుకుపోయాడు.

ఆ ప్లగ్గు వదులు. శాంతయ్య సిగరెట్ పెట్టె అట్ట చిన్నగా మడిచి ఛార్జరు కింద దోపితేగాని నిలిచేది కాదు. అట్టముక్క బోర్డు మీదే ఉంది. కొత్తచోట ప్లగ్గు బాగానే ఉంటుంది, అట్టతో ఏం పని, అనుకుంది. జగ్గయ్యపేటలో సిమెంటు లోడింగుకి పోయేవాడు. అక్కడి నుంచి ఫోనొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకుని అరుగు చివరికి వెళ్ళేవాడు. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. అప్పట్నుంచీ ఆ ప్లగ్గులో ఇంకేదీ పెట్టలేదు. ఫోను థియేటరు మేనేజరు గదిలోనే ఛార్జి చేసుకుంటుంది. సాక్ష్యాన్ని కదపకూడదు.

ఇవాళ పొద్దున్నే ఆడబిడ్డ జెరూషా ఫోను చేసింది.

"వదినా, ఈ ఆదివారమన్నా అన్నకి ఆదరణ కూడిక పెట్టుకుందాం. పాస్టరుగారు సాయంత్రానికి ఏదో ఒకటి చెప్పమన్నారు."

"శవం లేకుండా చావు కూడికేంటి?"

"రెండేళ్ళయింది వదినా."

"నీకెందుకే అంత తొందర?"

జెరూషా నసిగింది. ఆ నసుగుడుని కూడా కృపాజ్యోతి జాగ్రత్తగా విన్నది. వెనక ఎవరో దగ్గినట్టుంది. కూడిక పెట్టేస్తే ఇక ఎవరూ వెతకరు. ఆ మనిషి అక్కడ నిశ్చింతగా ఉండొచ్చు. అన్నాచెల్లెళ్ళు ముందే మాట్లాడుకున్నారేమో. ఆలోచన తెగకముందే ఛార్జి అయిపోయి ఫోను ఆగిపోయింది. ఇవాళ దాన్ని ఛార్జింగులో పెట్టబుద్ధి కాలేదు.

ఆట అయిపోయింది. ఆమె తలుపులు బార్లా తీసింది. జనం ఎండలోకి కళ్ళు చికిలించుకుంటూ వచ్చారు. మెట్ల దగ్గర కల్యాణ్ అనే కుర్రాడు మైకు పట్టుకుని కాచుకున్నాడు. యూట్యూబు చానలు అతనిది.

"గ్రాఫిక్స్ సూపరు బ్రో. కథే లేదు."

"మా మిరపతోటకి చుక్క వాన లేదు, ఈయనేమో తెరనిండా పోశాడు."

"భూమి వేడెక్కిందని చెప్పడానికి రెండున్నర గంటలెందుకండీ? ఈ హాల్లో ఏసీ ఆపేస్తే చాలు."

"లాజిక్ లేదన్నా. నీళ్ళు మీదికొస్తుంటే ఎవడైనా ఇస్త్రీపెట్టె పట్టుకుపోతాడా?"

అదీ, అనుకుంది కృపాజ్యోతి.

"ఎందుకు పట్టుకుపోడూ?"

నేతచీర కట్టుకున్న పెద్దావిడ. కోడలు చెయ్యి పట్టుకుని లాగుతోంది. "రండత్తయ్యా, కారు రోడ్డు మీదుంది."

"ఉండవే నాగశ్రీ. మాది కృష్ణ ఒడ్డున చెవిటికల్లు అయ్యా, నా పేరు సీతారావమ్మ. రెండేళ్ళనాటి వరదలో కృష్ణ మా ఇంట్లోకొచ్చిన రోజు మా ఆయన పొలం కాయితాలు బీరువాలో వదిలేసి గోడగడియారం పట్టుకుని డాబా ఎక్కాడు. అదీ ఎప్పుడో ఆగిపోయిన గడియారం."

అందరూ నవ్వారు. కల్యాణ్ మైకు దగ్గరగా పెట్టాడు. "మరి మీరేం తెచ్చారండీ?"

"ఆవకాయ జాడీ మూత."

"జాడీయా?"

"జాడీ కాదయ్యా, మూత! చెయ్యి దానికదే పట్టుకుంటది. మనల్ని అడగదు."

ఈవిణ్ణి జెరూషా పంపించిందా? ఆ అనుమానం ఎంత తెలివితక్కువదో తెలిసే కృపాజ్యోతి కారు దాకా వెంటబడింది.

"అమ్మగారూ, నిజంగా మూతేనా అండీ?"

"నీకబద్ధం చెప్తే నాకేం వస్తదమ్మా? జాడీ పోయింది, మూత ఇంట్లోనే ఉంది. నువ్వెక్కడున్నావా రోజు?"

"మా చర్చి డాబా మీదండీ."

"ఏం పట్టుకెళ్ళావ్?"

"ఏం లేదండీ."

వెనక్కొచ్చి మళ్ళీ సీట్ల మధ్య వంగింది. రెండు వరసలు ఊడ్చాక చెయ్యి ఆగింది. ఏం లేకపోవడమేమిటి? ఆ రోజు డాబా మీద వణుకుతుంటే జెరూషా ఆమె పిడికిలి బలవంతాన విప్పింది. "ఇదేంటి వదినా?" అని ఏడుస్తూనే నవ్వింది. సగం ఒలిచిన ఉల్లిపాయ. వేళ్ళ సందుల్లో పొట్టు అంటుకుని ఉంది.

ఇంతకాలం శాంతయ్య చేతినే సోదా చేసింది. తన చేతిని ఒక్కసారీ అడగలేదు. బోర్డు తలుపు పక్కనే ఉంటుంది. రోజూ పనికి వెళ్ళేటప్పుడు ఛార్జరు లాగి జేబులో వేసుకునేవాడు. ఆ తెల్లవారుజామున కూడా గుమ్మం దాటుతూ చెయ్యి దాన్ని లాగి ఉంటుంది, ఆయన్ని అడక్కుండానే. తరవాత వెళ్ళి గేదెను విప్పాడు.

జగ్గయ్యపేట ఫోన్లు ఎవరివో ఇక తెలియదు. మోసం చేసినవాడు కూడా మునిగిపోవచ్చునని ఆమెకి ఇన్నాళ్ళూ తోచలేదు. అనుమానం ఉన్నన్నాళ్ళూ ఆ మనిషి ఎక్కడో అన్నం తింటూ, ఎవరితోనో మాట్లాడుతూ ఉన్నాడు. ఇప్పుడు ఖాళీ హాల్లో, చిరిగిన సీట్ల వరసలో, శాంతయ్య చనిపోయాడు.

కాసేపు సీటు అంచు మీద కూర్చుంది. తరవాత మిగిలిన వరసలు ఊడ్చింది.

మేనేజరు కుటుంబరావు గదిలో, జనం మరిచిపోయిన వస్తువులు పడేసే అట్టపెట్టె ఉంటుంది.

"సార్, అందులో ఛార్జరొకటి తీసుకోనా అండీ?"

"రోజూ ఇక్కడే పెడతావుగా?"

"ఇంట్లో పెట్టుకుంటానండీ."

"తీసుకో. ఈ సినిమా ఎల్లుండికల్లా మునుగుద్ది. ఇంక మరిచిపోడానిక్కూడా ఎవడూ రాడు."

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఛార్జరు ప్లగ్గులో పెట్టింది. వదిలేసరికి అది ముందుకి వాలిపోయింది. బోర్డు మీద తడిమి, మసిపట్టిన అట్టముక్క తీసి కింద దోపింది. ఫోను వెలిగింది.

"జెరూషా, పాస్టరుగారిని ఆదివారం రమ్మని చెప్పమ్మా."

అవతల ఏడుపు మొదలైంది. కృపాజ్యోతి ఫోను చెవికి ఆనించుకుని బోర్డు వైపే చూస్తూ నిలబడింది. ప్లగ్గు కింద అట్టముక్క, శాంతయ్య మడిచిన మడత చెదరకుండా, బరువు మోస్తూ ఉంది.