ఫ్రిజ్ ఆగిపోయిన రోజు

పొద్దున్నే ఆరింటికి పాల కోసం తలుపు తీస్తే ఫ్రిజ్‌లో దీపం వెలగలేదు. కరెంటు పోయిందేమోనని తల తిప్పి చూసింది. వంటింటి ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది. ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టింది. ఫ్రిజ్ పక్కన రెండు దెబ్బలు వేసింది. చెవి ఆనించి విన్నది. పదకొండేళ్ళుగా రాత్రనకా పగలనకా గురకపెట్టే పెట్టె ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి ఉంది. పై అరలోని మంచు కరిగి కింద గచ్చు మీద అప్పటికే చిన్న మడుగు కట్టింది.

ఆ ఇల్లాలిని ఇంటిల్లిపాదీ ‘బొంగరం’ అంటారు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు పెట్టిన పేరది. నిలబడ్డ చోట నిలబడదు, కూర్చున్నా కూర్చున్నట్టుండదు, అన్నం తింటూ మధ్యలో లేచి పొయ్యి తుడిచి వస్తుంది. ఇప్పుడామెకి నలభై రెండేళ్ళు. కొన్నాళ్ళుగా ఆ తిరుగుడు మరీ ఎక్కువైంది. అత్తగారు అది గమనిస్తూనే ఉంది గానీ ఎందుకని అడగలేదు.

బొంగరం భర్తకి ఫోన్ చేసింది. ఆయన బస్సు డ్రైవరు, నాలుగున్నరకే డ్యూటీకి వెళ్ళిపోయాడు. మొదటి ట్రిప్పు ముగించి టీ తాగుతున్నట్టున్నాడు, వెంటనే తీశాడు.

“ఏమండీ, ఫ్రిజ్ పోయింది.”

“ఎక్కడికి పోయింది?”

“మీ సరసానికి వేళా పాళా లేదు. నీళ్ళు కారుతున్నాయిక్కడ.”

“మెకానిక్‌కి చెప్పు. నాకివాళ డబుల్ డ్యూటీ, రాత్రి దాకా రాలేను. అన్నట్టు, అమ్మ మందు అందులోనే కదా?”

బొంగరం మళ్ళీ ఫ్రిజ్ తలుపు తీసింది. నిజమే. అత్తగారి ఇన్సులిన్ సీసాలు మూడు గుడ్ల అర పక్కన డబ్బాలో ఉన్నాయి. తెచ్చి వారం కూడా కాలేదు. తీసి పట్టుకుంటే ఇంకా కొద్దిగా చల్లగానే ఉన్నాయి. తడిగుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని నీళ్ళ గిన్నెలో నిలబెట్టి, గిన్నెని కిటికీకి దూరంగా బల్ల కింద పెట్టింది. బయట ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఇది ఎంతసేపు ఆగుతుంది?

మెకానిక్ ఫోనులో, “నాలుగింటికి వస్తానమ్మా, అంతకుముందు కుదరదు,” అన్నాడు.

ఫ్రిజ్‌లో ఉన్నదంతా తీసి బల్ల మీద పరిచింది. రెండు లీటర్ల పాలు, చవగ్గా దొరికాయని కొన్న రెండు కిలోల టమాటాలు, సగం క్యాబేజీ, వాడిపోతున్న ఏడు క్యారెట్లు, ఓ కట్ట పాలకూర, ఆరు గుడ్లు, రాత్రి మిగిలిన అన్నం, ఆదివారానికని దాచిన అరకిలో కోడిమాంసం, ఎండిపోయిన సగం బ్రెడ్డు. ఒక్కటి కూడా చెత్తబుట్టలోకి పోవడానికి వీల్లేదని నిశ్చయించుకుంది. ఉన్నవి రెండే పొయ్యిలు. ఏది ముందు చెడుతుందో అది ముందు పొయ్యెక్కాలి.

మాంసం మొదలెట్టింది. మూడు బంగాళదుంపలు కోసి అందులో పడేసింది, కూర రెండింతలవుతుందని. రెండో పొయ్యి మీద టమాటాలు పెద్ద గిన్నెలో ఉడకసాగాయి. ఉప్పూ నూనే వేసి దగ్గరపడేదాకా మగ్గిస్తే బయట పెట్టినా వారం దాకా ఢోకా ఉండదు. ఒక లీటరు పాలు కాచి పక్కన పెట్టింది, రెండోది నిమ్మరసం పిండి విరగ్గొట్టింది. విరుగుడు గుడ్డలో మూటగట్టి కుళాయికి వేలాడదీసి, కింద కారిన నీళ్ళు గిన్నెలోకి పట్టి, వాటితోనే రొట్టెల పిండి తడిపింది. రాత్రి అన్నంలో నాలుగు గుడ్లు కొట్టి వేయించి కూతురి డబ్బా కట్టింది. కూతురు కాలేజీకి పరిగెడుతూ మూత తీసి చూసి, “ఇందులో సగం కోడిఫారం ఉందమ్మా,” అంది.

“తిని రా. మాట్లాడకు.”

ఈ హడావుడిలోనే అత్తగారికి ఇంజెక్షన్ ఇచ్చింది, దుప్పట్లు ఉతికి డాబా మీద ఆరేసింది, మిగతా బట్టలు నానబెట్టింది, గచ్చు తుడిచింది. తుడిచిన గచ్చు మీద ఫ్రిజ్ మళ్ళీ నీళ్ళు కార్చింది. మళ్ళీ తుడిచింది. మధ్యమధ్య బల్ల కింద వంగి, సీసాలు ముట్టుకుని చూస్తూనే ఉంది. పది గంటలకల్లా అవి గోరువెచ్చగా తగిలాయి.

పొయ్యిలు రెండూ ఆపి, సీసాల డబ్బా సంచిలో వేసుకుని మందుల షాపుకి పరుగెత్తింది.

“తెరిచినా తెరవకపోయినా సీసాలు ఈ ఎండకి బయట ఉంచకండి,” అన్నాడు షాపతను. “ఎక్కడైనా ఫ్రిజ్‌లో పెట్టండి. ఐసు మీద మాత్రం పెట్టొద్దు, గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు.”

“రెండ్రోజులు మీ దగ్గరే ఉంచుతారా?”

“ఒకసారి అమ్మింది మళ్ళీ మా ఫ్రిజ్‌లో పెట్టకూడదమ్మా. ఏమీ అనుకోకండి.”

అక్కడి నుంచి వీధి చివర కిరాణాకొట్టుకి వెళ్ళింది. అతని దగ్గర కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఉంది.

“నిమిషానికోసారి తలుపు తెరుస్తారక్కా,” అన్నాడు కొట్టతను. “మీ అత్తగారి మందు కొత్త రకం డ్రింకనుకుని ఎవడైనా కొనుక్కుపోతే పూచీ ఎవరిది?”

నవ్వు రాలేదామెకి. ఎదురింటివాళ్ళు తాళం వేసి ఊరెళ్ళారు. కింద ఉన్నది దర్జీ దుకాణం. ఇక మిగిలింది పై అంతస్తు ఒక్కటే. ఆ సంగతి పొద్దున ఆరింటి నుంచీ ఆమెకి తెలుసు.

పై ఇంట్లో ఉండేది రిటైరైన లెక్కల టీచరు. అరవై దాటిన మనిషి. ఒకప్పుడు ఇద్దరికీ రాకపోకలుండేవి. ఎనిమిది నెలల క్రితం ఒక పొద్దున టీచరు మెట్ల మీద ఆపి, “ఐదింటి నుంచీ ఆ స్టూళ్ళు ఈడవడం, ఆ గిన్నెలు విసరడం... మీ ఇంట్లో నడిచేవాళ్ళే లేరా, అందరూ పరిగెత్తేవాళ్ళేనా?” అంది. బొంగరం అప్పటికి అరగంట నుంచి కుళాయితో కుస్తీ పడుతోంది. నోరు జారింది. “మీకేమండీ, ఒంటరి మనిషి. వండిపెట్టాలా, ఉతికిపెట్టాలా? చప్పుడు లేకుండా ఉండటం మీకు తేలికే,” అనేసింది.

అప్పటికి టీచరు భర్త పోయి రెండు నెలలు.

అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది. కానీ టీచరు అప్పటికే మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎదురుపడితే ఇద్దరూ గోడ వైపు చూసుకుంటూ దిగేవాళ్ళు. ఆ పూట నుంచే బొంగరానికి చేతులు ఖాళీగా ఉంటే చాలు, ఆ మాట చెవిలో వినబడేది. అందుకే ఖాళీ లేకుండా చూసుకునేది. తుడిచిన అరలే తుడిచేది, తోమిన గిన్నెలే తోమేది.

సంచి పట్టుకుని మెట్లెక్కింది. టీచరు తలుపు దాకా వచ్చి ఆగకుండా డాబా మీదికి వెళ్ళిపోయింది. అక్కడ ఆరని బట్టలు తీసి మడతపెట్టి, పచ్చిగా ఉన్నాయని మళ్ళీ ఆరేసింది. కిందికి వస్తూ మళ్ళీ ఆ తలుపు దాటి నాలుగు మెట్లు దిగింది. సంచిలో సీసాలు టింగుమన్నాయి. వెనక్కి తిరిగి వెళ్ళి, ఆలోచించుకునే లోపే తలుపు కొట్టింది.

టీచరు తలుపు తీసి, ఆమెనీ సంచినీ చూసింది. “ఏం కావాలి?”

“మా ఫ్రిజ్ పాడైందండీ. అత్తయ్య ఇన్సులిన్... ఎక్కడా పెట్టుకోనివ్వడం లేదు.”

“లోపలికి రండి.”

‘రండి’ అన్న ఆ మాట బొంగరానికి చురుక్కుమని తగిలింది. ఇదివరకు ‘రావే’ అనేది ఈవిడ.

టీచరు వంటింట్లో ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల అరలన్నీ బోసిగా ఉన్నాయి. సగం పాలప్యాకెట్టు, కోసిన నిమ్మచెక్క, మూతపెట్టిన చిన్న గిన్నె, మధ్య అరలో నీలం డబ్బా ఒకటి.

“దాని పక్కన పెట్టండి. వెనక గోడకి ఆనించొద్దు, అక్కడ గడ్డకడుతుంది.”

చోటు కోసం నీలం డబ్బా జరపబోతే లోపల గాజు సీసాలు కదిలాయి. మూత మీద మందుల షాపు చీటీ, దాని మీద టీచరు భర్త పేరు ఉన్నాయి. బొంగరం చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“ఆయనవే,” అంది టీచరు. “పారెయ్యాలి. రోజూ అనుకుంటాను.”

“టీచరుగారూ, ఆ రోజు నేను...”

“ఆ మాట నాకు గుర్తుంది. గుర్తుంటుంది కూడా. ఇప్పుడెందుకది? తలుపు వెయ్యండి, చల్లదనం పోతోంది.”

మందు చల్లగా భద్రంగా ఉంది. అయినా కిందికి వచ్చిన మనిషికి స్థిమితం చిక్కలేదు. ముళ్ళ మీద నిలబడ్డట్టే ఉంది. క్యాబేజీ తరిగింది, కాడలు కూడా వదలకుండా క్యారెట్లతో కలిపి సూపు పెట్టింది. ఎండిన బ్రెడ్డు పొడి చేసి, విరుగుడూ పాలకూరా కలిపి ఉండలు చేసి వేయించింది. బట్టలు ఉతికింది. సూపులో ఉప్పు వేసింది. వేసిందో లేదో గుర్తురాక మళ్ళీ వేసింది.

నాలుగింటికి మెకానిక్ వచ్చి ఫ్రిజ్‌ని గోడకేసి తిప్పి, వెనకాల తల దూర్చి, చాలాసేపటికి బయటికి తీశాడు. “కంప్రెసర్ బాగానే ఉందమ్మా, దాన్ని స్టార్ట్ చేసే రిలే కాలింది. చిన్నదే, కానీ ఈ పాత మోడల్‌ది ఇక్కడ లేదు. మూడ్రోజులు పడుతుంది.”

మూడ్రోజులంటే ఆ మెట్లు ఎన్నిసార్లు ఎక్కాలో మనసులోనే లెక్క వేసుకుంది బొంగరం.

సాయంత్రం కూతురు వచ్చి బల్ల మీద వరసగా ఉన్న గిన్నెలు చూసింది. “అమ్మా, ఇవాళ మనింట్లో పెళ్ళా?”

అత్తగారు మంచం మీంచి, “అమ్మాయ్, అందులోంచి ఒక గిన్నె పైకి తీసుకెళ్ళు,” అంది.

“ఆవిడ తీసుకోదు అత్తయ్యా.”

“తీసుకోకపోతే వెనక్కి తెచ్చుకో. ఏం, బరువా?”

బొంగరం మసిగుడ్డ చేతిలో నలుపుతూ మంచం దగ్గర నిలబడింది. “నేను ఆవిణ్ణి ఒక మాట అన్నానత్తయ్యా. అనకూడని మాట.”

“తెలుసు. మెట్ల మీద మాట్లాడితే ఇంట్లో మాట్లాడినట్టే. నాకు చక్కెర జబ్బు గానీ చెవుడు లేదుగా.”

“మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?”

“నువ్వే చెబుతావని చూశాను. అడిగితే నువ్వు ఇంకో గది తుడవడానికి పోతావు.”

బొంగరం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో ముఖం తుడుచుకుని గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. కూర ఒకదాంట్లో, ఉండలు ఒకదాంట్లో, నాలుగు రొట్టెలు పైన. సర్ది, తీసి, వేరే గిన్నెలో సర్ది, సూపు పెట్టాలా వద్దా అని ఊగిసలాడుతుండగానే ఏడు దాటింది. అత్తగారి సాయంత్రం ఇంజెక్షన్ వేళ మించిపోతోందని అప్పుడు తట్టి గుమ్మం వైపు పరుగు తీసేసరికి ఎదురుగా టీచరు నిలబడి ఉంది. చేతిలో తడి రుమాలు చుట్టిన సీసా.

“ఏడు దాటింది, ఎవరూ రాలేదేమా అని...” అంటూ లోపలికి చూసింది. తన భర్తకీ ఏడింటికే ఇచ్చేదని ఎవరూ చెప్పనక్కర్లేదు.

అత్తగారు చప్పున అందుకుంది. “రా తల్లీ, రా. తినే వేళకి వచ్చావు. కాదంటే ఊరుకోను.”

బొంగరం అత్తగారికి ఇంజెక్షన్ ఇచ్చేలోపు టీచరు మొహమాటంగానే కూర్చుంది. బల్ల మీద గిన్నెలన్నీ ఒక్కొక్కటే చూసింది. “ఇదంతా ఇవాళేనా?”

“పాడైపోతాయని,” అంది బొంగరం. వడ్డిస్తూ, నీళ్ళు తెస్తూ, వెళ్ళి పొయ్యి తుడుస్తూ, మళ్ళీ వస్తూ ఉంది.

టీచరు సూపు ఒక గుక్క తాగింది. “ఉప్పెక్కువైంది.”

“రెండుసార్లు వేశానండీ.”

“నువ్వు ముందు కూర్చో.”

ఎనిమిది నెలల తర్వాత విన్న ఆ ‘నువ్వు’కి బొంగరం కాళ్ళు వాటంతటవే ఆగాయి. కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. “ఆ రోజు అన్నదానికి నన్ను క్షమించండి,” అంది, పళ్ళెంలోకి చూస్తూ.

టీచరు రొట్టె ముక్క తుంచి కాసేపు పట్టుకునే ఉంది. “అబద్ధం చెప్పుంటే అంత కోపం వచ్చేది కాదు. నేను వండిపెట్టడానికి ఎవరూ లేరన్నది నిజమే. దాన్ని మెట్ల మీద నిలబడి అన్నావు. ఇంటికెళ్ళి ఆ పూట వండుకోలేదు నేను.”

కూతురు నెమ్మదిగా కూర గిన్నె టీచరు వైపు జరిపింది. టీచరు వడ్డించుకుంది. కాసేపయ్యాక, “దుంపలు బాగా కలిశాయి,” అంది.

తర్వాతి మూడు రోజులూ సీసా పొద్దునా సాయంత్రం మెట్లెక్కుతూ దిగుతూ ఉంది. ఒక్కోసారి బొంగరం వెళ్ళేది, ఒక్కోసారి టీచరు వచ్చేది. పూర్తిగా మునుపటిలా అయిపోయిందని కాదు. మాటల మధ్య ఉన్నట్టుండి ఇద్దరూ ఆగిపోయేవాళ్ళు. “పొద్దున ఆ స్టూలు ఈడవడం మాత్రం నువ్వు మానలేదు,” అని టీచరు ఒకసారి గట్టిగానే అంది. బొంగరం ఆ మధ్యాహ్నమే స్టూలు కాళ్ళకి పాతగుడ్డలు కట్టింది.

నాలుగో రోజు మెకానిక్ రిలే బిగించి వెళ్ళాక, సీసాలు తెచ్చుకుందామని పైకి వెళ్తే టీచరు చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉంది. చేతిలో నీలం డబ్బా.

“చెత్తలో వెయ్యకూడదటగా. మందుల షాపులో తీసుకుంటారా?”

“అడుగుదాం. నేనూ వస్తాను.”

ఒకే గొడుగు కింద నడిచారు ఇద్దరూ. టీచరుకి మోకాళ్ళ నొప్పులు, అడుగు తీసి అడుగు వేస్తోంది. బొంగరం రెండుసార్లు గొడుగుతో సహా ముందుకి వెళ్ళిపోయి, ఆమెని ఎండలో వదిలేశానని తెలిసి, గబగబా వెనక్కి వచ్చింది. షాపతను డబ్బా తన వైపు తిప్పుకుని, చీటీ చదివి, ఇక్కడే ఇచ్చేసి వెళ్ళొచ్చన్నాడు. టీచరు డబ్బా మీంచి చెయ్యి వెంటనే తియ్యలేదు. బొంగరం పక్కనే నిలబడింది. తొందరపెట్టలేదు.